పెదవికి కావలి

మా సారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నా చేతిలో సూది ఉంది. కుర్చీలో ఒక పెద్దాయన నోరు తెరుచుకుని పడుకున్నాడు. ఆయన చిగురుకు ఇంకొక్క కుట్టు పడాలి. బయట పేర్లు రాసుకునే అమ్మాయి తలుపు తీసి, లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది. ఏమిటే అని అడిగితే, "మీరు ముగించండి మేడం, అయినాక చెప్తా" అంది. ఆమె మొహం చూస్తే అది మంచి కబురు కాదని తెలిసిపోయింది. అయినా కుట్టు వేసి, దారం కత్తిరించి, పెద్దాయన చేత నోరు పుక్కిలింపించి పంపేదాకా ఏమిటని మళ్లీ అడగలేదు. మధ్యలో వదిలేసి ఏడుస్తూ కూర్చుని ఉంటే, ఆ పోయినాయనే లేచొచ్చి తిట్టేవారు.

పొద్దున మిరప చేను చూసుకోవడానికి వెళ్లారట. ఎండ ఎక్కువగా ఉందని కాలువ గట్టు మీద కూర్చుని నీళ్లు తెమ్మన్నారట. నీళ్లు వచ్చేలోగా వెళ్లిపోయారు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయాడు, పుణ్యాత్ముడు అని అందరూ అంటున్నారు. నాకు మాత్రం కాస్త ఇబ్బంది పెట్టి ఉంటే బాగుండేదనిపిస్తోంది. నాలుగు రోజులు మంచం మీద ఉండి ఉంటే పక్కన కూర్చునేదాన్ని. అడగాల్సినవి అడిగేదాన్ని. ఈ మాట రాస్తుంటే కూడా ఆయన మీద నాకు కొంచెం కోపంగానే ఉంది.

మా సారు చిగుళ్ల సర్జన్. చిగుళ్లకు కూడా సర్జన్ ఉంటాడా అని అడిగేవాళ్లు బళ్లారిలో ఇప్పటికీ ఉన్నారు. గాంధీనగర్‌లో మందుల షాపు పైన, మెట్లెక్కితే ఎదురుగా కనిపించే రెండు గదులే ఆయన క్లినిక్. బెంగళూరులో కాలేజీ పిల్లలకు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, ఇక చాలనుకుని, పొలానికి దగ్గరగా ఉంటుందని ఇటు వచ్చేశారు. నేను పళ్ల డాక్టరు చదువు ముగించుకుని, నాకు అంతా వచ్చుననుకుంటూ ఆ మెట్లెక్కాను. దిగేనాటికి నాకు ఏమేం రావో తెలిసింది. అది తెలియజెప్పడానికి ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు పేపర్లో పడడమంటే ఆయనకు చిరాకు. ఒకసారి ఎవరో సన్మానం చేస్తామని వస్తే, మిరప కోతలున్నాయని చెప్పి ఊరికి పారిపోయారు. అది కోతల కాలమే కాదు. అదేమిటి సార్ అంటే ఇలా అన్నారు:

"పండ్లు పీకినోన్ని ఊరంతా గుర్తు పెట్టుకుంటాదమ్మా. చిగురు కాపాడినోన్ని పేషెంటే మర్చిపోతాడు. మర్చిపోయినాడంటే బాగుండాడని అర్థం. మనకు అదే కావాల్సింది."

నేను మాత్రం మర్చిపోదలచుకోలేదు.

సారు ఇంట్లో కోడిగుడ్డు కూడా వండరు. అలాంటి మనిషి ఆదివారం పొద్దున్నే మటన్ అంగడికి వెళ్లి, భాయ్ దగ్గర మేక తలకాయ కొని, నల్ల కవర్లో పెట్టుకుని వచ్చేవారు. ముక్కలు కొట్టియ్యాల్నా అని భాయ్ అడిగితే, "బేడప్పా, వద్దు, మాకు నోరొక్కటే కావాల్సింది" అనేవారట. ఆ మాటకు భాయ్ ఏమనుకున్నాడో నాకు ఇప్పటికీ సందేహమే. మా మేడమ్, అంటే సారు భార్య, ఆ కవరును గేటు దాటనిచ్చేవారు కాదు. అందుకని క్లినిక్ మిద్దె మీద, నీళ్ల ట్యాంకు నీడలో నా పాఠం జరిగేది. మేక అంగిలి మీద పైపొర చెడకుండా లోపలి పొరను పలచగా తీయడం, తీసిన ముక్కను ముందు చిగురు కిందికి దూర్చడం. నేను పొర చింపినప్పుడల్లా ఆయన మేకకు క్షమాపణ చెప్పేవారు.

మేక కంటే ముందు పూలు. వీధి మూలన మల్లెపూలు కట్టి అమ్మే ఆమె దగ్గర నన్ను పీట వేసి కూర్చోబెట్టారు. డాక్టరు చదువు చదివి పూల అంగట్లో కూర్చున్నానని మా అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. "ముడి బిగిస్తే పువ్వు తెగుతాది, వదిలితే జారుతాది. ఆ రెంటికీ నడుమ ఉండాది మన పని" అని సారు అన్నారు. నాది తొందర చేయి. నా మూరల్లో పువ్వులు సగం తలలు వాల్చేవి. ఆ పూలామె మొహమాటం లేకుండా వాటిని విప్పి మళ్లీ కట్టుకునేది. సారు వచ్చి చూసి, "నీకు చేయి మంచిదమ్మా, ఓపికే యాడన్నా చేబదులు తెచ్చుకోవాల" అని నవ్వేవారు.

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అందదు. అద్దంలో మీ ముందు పళ్లు చూసుకోండి. రెండు పళ్ల మధ్య చిగురు సన్నగా మొనదేలి, సందును మూసేసి ఉంటుంది. ఆ మొనను లోపలి నుంచి మోసేది ఎముక. పళ్లు ఉన్నంతకాలం వాటి మధ్య ఎముక కూడా గోపురంలా లేచి ఉంటుంది. పక్కపక్కన రెండు పళ్లూ పోయి, ఆ చోట ఎముకలో మరల్లాంటివి బిగించి, వాటి మీద కొత్త పళ్లు పెట్టారనుకోండి. వాటినే ఇంప్లాంట్లంటారు. వాటి మధ్య ఎముక చదునైపోతుంది. మోసే ఎముక లేక చిగురూ వెనక్కి తగ్గిపోతుంది. పళ్లేమో తెల్లగా వరసగా ఉంటాయి, వాటి నడుమ నల్లగా మూడు మూలల సందు. ఆ సందును మళ్లీ బతికున్న మాంసంతో నింపడం మా విద్యలో అన్నిటికంటే మొండి పని. ఎంతో చేయి తిరిగినవాళ్లు కూడా అక్కడ జంకుతారు. "గుంజ లేకుండా పందిరి వేయమంటాండారు" అనేవారు సారు. అంటూనే చొక్కా చేతులు మడిచేవారు.

కూరెకుప్ప నుంచి ఒక టీచరమ్మ అలాంటి సందుతో వచ్చింది. ఆమెను అడిగే ఇది రాస్తున్నాను, పేరు మాత్రం వద్దంది. స్కూటర్ మీద నుంచి పడి పైవరస ముందు పళ్లు రెండూ పోగొట్టుకుంది. రెండు ఇంప్లాంట్లు పెట్టించుకుంది. అవి గట్టిగానే కుదిరాయి, కానీ మధ్యలో సందు మిగిలింది. మాట్లాడితే అందులోంచి గాలి పోయి, 'స' పలికినప్పుడల్లా సన్నగా ఈల వచ్చేది. ఆమె చెప్పేది ఒకటో తరగతికి. ఆ వయసు పిల్లలు టీచరు ఎలా పలికితే అలా పలుకుతారు. కొన్నాళ్లకు క్లాసు క్లాసంతా ఈల వేస్తూ పాఠం అప్పజెప్పడం మొదలుపెట్టింది. వాళ్లు వెక్కిరించడం లేదు, అదే సరైన పలుకనుకున్నారు. తల్లిదండ్రులు వచ్చి అడిగారు. హెడ్‌మిస్ట్రెస్ మంచిగానే మాట్లాడి, ఆమెను క్లాసు నుంచి తప్పించి ఆఫీసు గదిలో కూర్చోబెట్టింది.

"నా పిల్లోల్లు గోడకు అవతలే ఉండారు సార్. వేరే టీచరు రైమ్ చెప్పిస్తాంటే నేను ఈడ కూర్చోని ఇంటాండా" అంది. అని అరచేయి నోటికి అడ్డం పెట్టుకుంది.

సారు ఆమెకు రెండు దారులు చెప్పారు. ఒకటి, చిగురు రంగు పింగాణీ ముక్క చేసి పళ్లకే అతికించడం. త్వరగా అయిపోతుంది, దూరానికి ఎవరూ పట్టలేరు. రెండోది, ఆమె అంగిలిలోంచి మాంసం తీసి ఆ సందులో నాటడం. అది నిండవచ్చు, నిండకపోవచ్చు. "తప్పకుండా నిండుతాదని ఎవురన్నా చెప్తే, వాడు నీతో అబద్ధం చెప్తాండాడని తెలుసుకో" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం వచ్చిన మనిషికి కాస్త ధైర్యం చెప్పకుండా ఈ పిరికి మందు ఎందుకు? టీచరమ్మ మాత్రం తొణకలేదు. అతికించింది ఊడితే పిల్లల ముందరే ఊడుతుంది, నాది నాకు కట్టండి అంది. క్లాసు తిరిగి రావాలి, అంతకు మించి ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

మొదటి ఆపరేషన్ సారే చేశారు. చిగురు మొనను కోయలేదు. అక్కడ కోస్తే ఉన్నది కూడా పోతుంది. పెదవి లోపలివైపు, పైన, చిన్న గాటు పెట్టారు. అక్కడి నుంచి వేలి గోరంత వెడల్పు పనిముట్టుతో చిగురు కింద సొరంగంలా దారి చేసుకుంటూ సందు దాకా వచ్చారు. అంగిలి నుంచి తీసిన ముక్కకు దారం కట్టి, పైజామా బొందు దూర్చినట్టు లోపలికి లాగి, రెండు ఇంప్లాంట్ల నడుమ కూర్చోబెట్టారు. చూస్తుంటే ఎంత సులువో అనిపించింది. ఆయన పని ఎప్పుడూ అలాగే అనిపించేది, మనం చేయబోతే తప్ప కష్టం తెలిసేది కాదు. కొత్త ముక్కకు చుట్టుపక్కల నుంచి రక్తం అందేదాకా అది కదలకూడదు. అదొక్కటే షరతు. మెత్తగా తినమని, బ్రష్ తగలనివ్వొద్దని, చల్లటి రాగి అంబలి తాగమని అన్నీ చెప్పి పంపాము.

వారం తిరిగేసరికి వచ్చింది. కుట్లు తెగి ఉన్నాయి. నాటిన ముక్క తెల్లగా పాలిపోయి, ఒక పక్కకు వేలాడుతోంది. చచ్చిపోయిన మాంసం చూడగానే తెలుస్తుంది. నేను ఆమెను నిలదీశాను. గట్టిగా ఏమైనా కొరికావా, బ్రష్ పెట్టావా? ఆమె ఏడుస్తూ తల అడ్డంగా ఊపింది. పక్కనే ఉన్న వాళ్ల అత్తమ్మ, కూరెకుప్ప చర్చిలో ఆడవాళ్లందరికీ పెద్ద, అసలు సంగతి తానే చెప్పింది. అందులో తప్పుందని ఆమెకు తెలియదు కాబట్టి గర్వంగానే చెప్పింది.

ఆపరేషన్ అయిందని తెలిసి వీధంతా పరామర్శకు వచ్చింది. చర్చివాళ్లు, స్టీల్ ఫ్యాక్టరీలో కొడుకుతో పనిచేసేవాళ్లు, తారానగర్ నుంచి బంధువులు. అరటిపండ్లు, బిస్కెట్లు పట్టుకుని వచ్చారు. వచ్చినవాళ్లు ఊరికే ఎలా పోతారు? ఏదీ చూద్దాం అన్నారు. అత్తమ్మ కోడల్ని దగ్గరికి పిలిచి, బొటనవేలితో పెదవి పైకెత్తి, కొత్త బీరువా తలుపు తెరిచి చూపించినట్టు చూపించింది. "అంగిట్లోది తీసి ముందర నాటినారు నోడ్రి, చూడండి, ఎంత పెద్ద డాక్టరో" అని అందరికీ చెప్పింది. ఎవరొచ్చినా అదే వరస. పెదవి ఎత్తిన ప్రతిసారీ లోపల కుట్టు లాగుతూనే ఉంది.

వాళ్లు వెళ్లాక నేను చేతి గ్లౌజులు తీసి విసిరికొట్టాను. ఇంత చదువుకున్న కోడలు, వద్దని ఒక్క మాట చెప్పలేదా అన్నాను. అత్తగారు ప్రేమగా పెదవి ఎత్తితే ఏ కోడలు వద్దంటుందమ్మా అన్నారు సారు. ఆయన ట్రేలో తీసి పెట్టిన ఆ చచ్చిన ముక్కనే చూస్తున్నారు. తల ఎత్తకుండానే అన్నారు:

"తప్పు మనది. నోరు చూసినాం. ఇల్లు చూడ్లేదు."

ఆ తర్వాత నేను చాలా పుస్తకాలు చదివాను, చాలామంది పెద్దల ప్రసంగాలు విన్నాను. ఈ ఆరు మాటలను మించిన పాఠం నాకు ఎక్కడా దొరకలేదు.

ఇప్పుడు చిక్కేమిటంటే, టీచరమ్మ అంగిలి చాలా పలచన. ఒక పక్క నుంచి తీసేశాం. రెండో పక్క ఇంకొక్కసారికి సరిపోయేంత మాత్రమే ఉంది. అది కూడా పోతే ఇక ఆమె మాంసంతో కట్టే దారే లేదు. సారు ఆ సంగతి ఆమెకు దాచకుండా చెప్పారు. గాయం మానడానికి కొన్ని నెలలు ఆగాలన్నారు. ఆ నెలలన్నీ ఆమె ఆఫీసు గదిలోనే కూర్చుంది.

ఆ మధ్యలో ఒక ఆదివారం, నన్ను వెంటబెట్టుకుని సారు కూరెకుప్ప వెళ్లారు. మేక తలకాయ పాఠం మానుకుని మరీ బయలుదేరారు. ఆ ఊళ్లో వేపాకు కూడా ఎర్రగానే ఉంటుంది. కిటికీ తెరల మీద ఇనుప గనుల దుమ్ము. ఇంటివాళ్లు చర్చి నుంచి అప్పుడే వచ్చారు. తప్పు చేసి దొరికిపోయినట్టు అత్తమ్మ వంటింటి తలుపు దగ్గరే నిలబడింది. ఎవరో ఆమెకు అప్పటికే చెప్పేశారు, నీ చేతుల వల్లే పోయిందని. ఆమె నాలుగు రోజులు అన్నం తినలేదని తర్వాత తెలిసింది. సారు ఆ మాటే ఎత్తలేదు. పెరుగన్నం ఉంటే పెట్టక్కా అన్నారు. తిన్నారు, పచ్చడి కారమని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మిరప పండించే మనిషి కారం తినలేడా అని ఆమె నవ్వింది. అదే ఆయనకు కావాల్సింది.

అప్పుడు మొదలుపెట్టారు. ఆమె పుట్టిల్లు కూడా సేద్యం చేసే ఇల్లే. మిరపనారు నాటినాక వేరు పట్టిందో లేదో అని రోజూ పీకి చూస్తామా అక్కా అని అడిగారు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సారు ఆమెకు ఏడవడానికి టైము ఇచ్చారు. తర్వాత ఆయన చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఈసారి ఈ పెదవికి కావలి నువ్వేనక్కా. ఎవురొచ్చినా తాకనీయొద్దు. నీ కొడుకైనా సరే, పాస్టరయ్యైనా సరే, ఈ డాక్టరమ్మైనా సరే. నాకొక్కనికి ఇయ్యి. నేను చాలు అనేదాంకా కాయాల."

ఆమె తల ఊపింది. వచ్చినవాళ్లు చూడాలంటారు సార్, వాళ్ల నోరెట్లా మూసేది అని అడిగింది. దానికీ సారు దగ్గర ఉపాయం ఉంది. చూడాలనుకోవడం తప్పు కాదన్నారు. ఆపరేషన్ కాగానే ఫోటో తీసి, పెద్దదిగా అచ్చు వేయించి ఇస్తాం, అది చూపించు అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు కారులో నేను మూతి ముడుచుకుని ఉన్నాను. పాడు చేసిన మనిషికే కాపలా ఇస్తారా అని అడిగాను. పోగొట్టినోల్లంత బాగా ఎవురూ కాయరమ్మా అన్నారు ఆయన. అని కళ్లు మూసుకుని నిద్రపోయారు.

రెండో ఆపరేషన్‌లో అంగిలి నుంచి ముక్క ఆయనే తీశారు. సొరంగం మాత్రం నన్ను చేయమన్నారు. నా కన్ను మునుపటి లెక్క లేదు అని, చెప్పులు మార్చుకున్నంత మామూలుగా చెప్పి పక్కకు జరిగారు. ఉన్నది ఒక్కటే ముక్క. చిగురు పొర తడిసిన కాగితంలా ఉంది. ఆయన నా భుజం వెనక నిలబడి, నా చేయి తొందరపడినప్పుడల్లా "స్వల్ప నిదానం" అన్నారు తప్ప ఇంకేమీ అనలేదు. దారం లాగితే ముక్క జారుకుంటూ వచ్చి రెండు ఇంప్లాంట్ల నడుమ కూర్చుంది. పూలు కట్టిన వేళ్లతో ముడి వేశాను. బిగించలేదు, వదల్లేదు. ఆయన వంగి చూసి, "ఆ పూలామెకు చెప్పాల" అన్నారు. ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. నాకది చాలు.

ఆ తర్వాత కూరెకుప్పలో జరిగింది టీచరమ్మ నవ్వుతూ చెప్పగా విన్నాను. నవ్వడం కూడా అప్పట్లో నిషేధమే. పెదవి లాగుతుందని అత్తమ్మ టీవీలో కామెడీ వస్తే ఆపేసేదట. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. వచ్చినవాళ్ల చేతుల్లోంచి అరటిపండ్లు తీసుకుని, ఫోటో చేతిలో పెట్టేది. అందులో చిగురు, కుట్లు అరచేయంత పెద్దగా ఉంటాయి. చాలామంది అది చూసి, ఇక అసలుది చూడాలన్న కోరిక చంపుకుని వెళ్లిపోయేవారు. కొడుకు కోడలి దగ్గరికొస్తే గొంతు సవరించుకునేదట. పాస్టరయ్య వచ్చి, చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తానంటే, ఆమె కుర్చీలోంచి లేవకుండానే చెప్పిందట: "ఈన్నుంచే చెయ్యండయ్యా. దేవునికి పెదవి ఎత్తకుండానే కనపడతాది."

ముక్క బతికింది. కుట్లు తీసేరోజు అత్తమ్మ సారుకు మాత్రమే దారి ఇచ్చి, నన్ను పక్కన నిలబెట్టింది. సారు పెదవి సున్నితంగా ఎత్తారు. లోపల గులాబీ రంగు. రక్తం అందిన రంగు. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు. పని నీదక్కా, కుట్టే మాది అన్నారు. ఆమె ఆ మాటను కూరెకుప్పలో ఎన్ని వందల మందికి చెప్పిందో ఆ దేవుడికే తెలియాలి.

అయితే మాంసం నాటగానే సందు మూసుకోదు. దాన్ని కిందికి రప్పించాలి. ఇంప్లాంట్ల మీది పళ్లు తీసి, వాటి చోట తాత్కాలిక పళ్లు పెట్టి, వాటి పక్కలకు కొద్దికొద్దిగా పూత వేసి లావు చేస్తూ వచ్చాం. అవి రెండు వైపుల నుంచీ చిగురును మెల్లగా ఒత్తితే, మధ్యలోది మొనదేలుతుంది. పొలంలో గట్టు పోసేటప్పుడు రెండు పక్కలా కాలితో అదిమితే మధ్యలో మట్టి లేస్తుంది గదా, అంతే ఇది అనేవారు సారు. ఎక్కువ ఒత్తితే రక్తం ఆగి పాడవుతుంది. అందుకే ప్రతిసారీ వెంట్రుకవాసి మందమే. మళ్లీ కొన్ని వారాలు ఆగాలి. నా బుద్ధికి అది నరకం. సారు మాత్రం ఆ నెలలను పండగలా గడిపారు. ఆమె వచ్చినప్పుడల్లా ఒకటో తరగతి రైమ్స్ చెప్పమనేవారు. కళ్లు మూసుకుని, చెవి ఆమె వైపు పెట్టి వినేవారు. ఈల రోజురోజుకూ సన్నబడింది. ఒక మధ్యాహ్నం ఆమె రైమ్ మొత్తం చెప్పింది, ఎక్కడా ఈల లేదు. ఆమెకే నమ్మకం కలగక మళ్లీ చెప్పింది. మూడోసారి సారు కూడా కలిసి పాడారు. ఆయనకు శ్రుతి లేదు, లయా లేదు. కింద మందుల షాపువాడు ఏమైందోనని మెట్లెక్కి వచ్చాడు.

బడి తెరిచేనాటికి ఆమె క్లాసు ఆమెకు వచ్చింది. ఆ వారం ఆమె పంపిన ఫోటోలో పిల్లలందరూ పళ్లు బయటపెట్టి నవ్వుతున్నారు. సగం మందికి ముందు పళ్లు ఊడి ఉన్నాయి. సారు ఆ ఫోటో చూసి, "వీళ్లకు మనం అక్కర్లేదు, వాటంతటవే వస్తాయి" అన్నారు.

అంతా అయిందని నేననుకున్నాను. ఆయన అనుకోలేదు. శాశ్వతమైన పళ్లు పెట్టిన రోజు అద్దం ఆమె చేతికిచ్చి, చిగురు మొన కింద ఇంకా మిగిలిన చిన్న చీకటి చుక్కను ఆయనే చూపించారు. ఆవగింజంత ఉంటుంది. కనపడదులే సార్ అని టీచరమ్మ అంటే, "నాకు కనపడతాది గదమ్మా" అన్నారు. ఏడాదికోసారి ఆమె వచ్చినప్పుడు పెదవి ఎత్తి చూసేవారు. ఇంకా ఉండాది అనేవారు. ఇంకోసారి ఏమైనా చేద్దామా అని నేను ఉబలాటపడితే ఒప్పుకునేవారు కాదు. "మనం చెయ్యాల్సింది అయిపాయ. మాంసం బుద్ధి మాంసానికుండాది. రావాలనుకుంటే వస్తాది, రాకుంటే లేదు" అనేవారు.

తర్వాత నేను సొంత క్లినిక్ పెట్టుకున్నాను. గురువారం సాయంత్రాలు మాత్రం ఆయన దగ్గరికి వెళ్లేదాన్ని. మిర్చి బజ్జీ, ఒగ్గరణి, అంటే బొరుగుల తాలింపు, తెప్పించేవారు. బజ్జీలో మిరపకాయ తీసి నా ప్లేటులో వేసి, శనగపిండి పొర మాత్రం తాను తినేవారు. నా కేసులు అడిగేవారు. నోటి సంగతి నేను చెప్తుంటే మధ్యలో ఆపి, ఇంట్లో ఎవరెవరుంటారని అడిగేవారు. తెలియదంటే ఆ కేసు గురించి ఇక మాట్లాడేవారు కాదు. అందుకని నేను కూడా వెళ్లడం నేర్చుకున్నాను. బళ్లారి వీధుల్లో, గని ఊళ్లలో, ఎన్నో ఇళ్లలో పీటల మీద కూర్చుని మజ్జిగ తాగాను. నా పేషెంట్లకు కుట్లు తెగడం తగ్గింది. కోపం కూడా కొంత తగ్గిందని మా ఇంట్లోవాళ్లు అంటారు.

దినం నాడు ఆయన ఊళ్లో, కల్లం దగ్గర షామియానా వేశారు. వచ్చినవాళ్లలో ఎవరి నోట్లో ఆయన చేయి పడిందో, ఎవరి నోట్లో పడలేదో పోల్చుకోలేనంత జనం. టీచరమ్మ, వాళ్ల అత్తమ్మ బస్సులు మారి వచ్చారు. ముసలామె బాగా వంగిపోయింది, చేతికర్ర వచ్చింది. మేం ముగ్గురం ఒక మూల కుర్చీల్లో కూర్చున్నాం. మేడమ్ వచ్చి కాసేపు మా చేతులు పట్టుకుని వెళ్లారు. ఆ తర్వాత, చావింట్లో ఎక్కడైనా జరిగేదే, ఆయన మాటలు మొదలయ్యాయి. ఆయన శ్రుతి లేకుండా పాడిన రైమ్ గురించి చెప్తూ చెప్తూ టీచరమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. చేయి అడ్డం పెట్టుకోకుండా నోరారా నవ్వింది.

నేను ఆమె నోరు చూశాను. అలవాటు, ఎక్కడికి పోతుంది? రెండు పళ్ల నడుమ చిగురు నిండుగా దిగి ఉంది. ఆ చీకటి చుక్క ఉండాల్సిన చోట గులాబీ రంగు ఉంది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. నిండిపోయింది. ఎవరూ చేయి పెట్టకుండా, దానంతటదే, తీరిగ్గా వచ్చి నిండింది. ఈ మధ్యే ఎప్పుడో. ఆయన చూడలేదు. గురువారం దాకా ఆగితే చెప్పొచ్చు అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను.

దగ్గరగా చూడాలనిపించి నా చేయి దానంతటదే ఆమె పెదవి వైపు లేచింది. బొటనవేలు ఇంకా తగలనే లేదు. ముసలామె నా మణికట్టు పట్టుకుంది. కర్ర పట్టే చేయి, ఇంకా బలంగానే ఉంది.

"తాకొద్దు మేడం" అంది. "సార్ ఇంకా చాలు అనలేదు."

నేను చేయి ఒళ్లో పెట్టుకున్నాను. ఉన్నచోట నుంచే చూస్తూ కూర్చున్నాను. ముసలామె నా మణికట్టు చాలాసేపు వదల్లేదు.